దారంతో కట్టిన భజన మందిరం

గద్వాల పురప్రజలకూ, మా భజన మందిర పునర్నిర్మాణ కమిటీకీ, ముఖ్యంగా దాని అధ్యక్షుడైన మా నాయనకూ సాష్టాంగపడి క్షమాపణలు చెప్పుకుంటున్నాను. అంతటి కమిటీ కళ్ళెదుట ఉండగా, దాంట్లో సభ్యురాలైనా కాని ఒక ఆడమనిషిని పొగడబోతున్నాను. ఏం చేయను, ఉన్నప్పుడు పొగడనివ్వలేదు. "నీ పని జూస్కో పో" అనేది. పోయిన నెల ఒక పొద్దున మగ్గం మీద కూర్చోబోతూ ఒరిగిపోయింది మా మేనత్త. దవాఖానకు ఆటో మాట్లాడేలోపే అంతా అయిపోయింది.

అత్తది మా పక్కిల్లే. ఎవరొచ్చినా ముందు వాళ్ల చొక్కా అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూసేది, తర్వాతే మంచినీళ్లు. కాలేజీ మొదటిరోజు నా కొత్త చొక్కా పట్టుకుని, "మిల్లు గుడ్డ. నీ లెక్కనే, పైపైన మెరుస్తది" అంది. నాకు వచ్చిన సర్టిఫికెట్లలో నిజాయితీ గలది అదొక్కటే.

మాది నేతగాళ్ల వాడ. పాత భజన మందిరం మట్టిమిద్దె. లోపల హార్మోనియం, తబలా, మగవాళ్లు. ఆడవాళ్లకు చోటు చాలక గోడవతల సందులో కూర్చునేవాళ్లు. లోపలి గొంతులన్నీ కలిపినా అత్త గొంతుకు సాటి రావు. చరణం మరిచిపోయిన పెద్దమనుషులకు సందులోంచి అందించేది. అన్నేళ్లు పాడినా, పాడుతున్నప్పుడు దేవుడి ముఖం చూసిన పాపాన పోలేదు.

"గింత మొత్తుకుంటున్న గదా అల్లుడా, ఆయన ఇంటుండో లేదో ఒక్కపారి మొఖం జూడొద్దా?" అంది ఒకసారి. 

మిద్దె కారడం మొదలయ్యాక కూలగొట్టి స్లాబు వేయాలన్నారు. కమిటీ పుట్టింది. డిగ్రీ ఉన్న పాపానికి నన్ను యువజన ప్రతినిధిని చేశారు. ఇంజనీరు ప్లాను గీసిచ్చాడు. హాలు, వేదిక, హాలు వెనక సామాన్ల గది, ఆ గదికి అవతల ఆడవాళ్లకు వరండా. నాయన ఆ కాగితాన్ని పెళ్లిపత్రికలా ఇల్లిల్లూ తిప్పి, చివరికి తన అక్క, అంటే మా అత్త దగ్గరికి తెచ్చాడు.

"మంచిగుంది తమ్మీ. మల్ల మమ్ముల బయటనే కూసోవెట్టినవ్."

"బయట ఏందక్కా? వరండా అది. పైన స్లాబు, కింద బండలు."

"నడుమ గది వెడ్తివి. దేవుడు కండ్లవడ్తడా?"

"ప్లానుల జూడు, దేవుడు తిన్నగనే ఉన్నడు గదా!"

"గీ కాయితం మీద నేనెట్ల కూసోవాలె?"

మర్నాడు అత్త, మందిరం కూల్చి చదును చేసిన జాగాలోకి పాడైపోయిన పడుగు దారం, కట్టెలు మోసుకొచ్చింది. మూలమూలకూ కట్టె పాతి, మోకాలెత్తున ఎర్రదారం లాగి, ప్లానులో ఉన్నది ఉన్నట్టు నేల మీద పరిచింది. వాకిలికి సందు వదిలింది. దేవుడి చోట పీట వేసి పటం పెట్టింది. సామాన్ల గది గోడ దగ్గర మాత్రం పొడుగు కట్టెలు పాతి దుప్పట్లు వేలాడగట్టింది.

ఆ తర్వాత చూసిందే నేను జీవితాంతం చెప్పుకుంటాను. మా వాడలో మగ్గానికెక్కించే ముందు వీధి పొడుగునా సాగదీసిన పడుగు పోగులను ఎవరూ దాటరు. ఎంత తొందరున్నా చుట్టు తిరిగి పోతారు. ఆ అలవాటు కొద్దీ ఈ దారాన్నీ ఎవరూ దాటలేదు. లేని తలుపు ముందు చెప్పులు విప్పారు. నీళ్ల క్యాన్లు మోసేవాడు లేని గోడ చుట్టూ తిరిగి పోయాడు. తలుపులున్న ఇళ్లలోకే తలుపు కొట్టకుండా దూరే మా నాయన, వాకిట్లో ఆగి, తలొంచి లోపలికొచ్చాడు. ఆలంపురం రాతిగుళ్ల ముందు కూడా చేతులు జోడించని నేను ఆ దారం గుడి ముందు జోడించాను.

సాయంత్రం భజన అందులోనే. అత్త నాయనను చేయిపట్టి వరండాలోకి తీసుకుపోయింది.

"కూసో తమ్మీ. ఏం గనవడ్తుంది?"

నాయన మెడ అటూ ఇటూ సాచాడు. "దుప్పటి."

"దానికే దండం వెట్టు. మేం ఇన్నేండ్లు గోడకు వెట్టలేదా?"

వాడంతా నవ్వింది. నాయన నవ్వలేదు. భజన అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు. హారతి వేళ గంట వినిపించింది, వెలుగు కనిపించలేదు. లేచాడు. దుప్పట్లు ఒక్కొక్కటే తీసి మడతపెట్టాడు. దేవుడు కనబడగానే ఆడవాళ్ల చప్పట్లలో తాళం తప్పింది. అత్త మాత్రం కళ్లార్పకుండా ఎదురుగా చూస్తూ ఉండిపోయింది.

ఇంజనీరు నడుమ గది తీసేసి ప్లాను మార్చాడు. పునాదులు ఆ దారం వెంబడే తవ్వారు. గోడలు కిటికీల ఎత్తుకు లేచాయి. అప్పుడే అత్త పోయింది.

కర్మలు అయ్యాక కమిటీ మళ్లీ కూర్చుంది. "ఆమె మాట కాదనలేక ఊకున్నం. సామాను యాడ వెడ్తం? ఆ చిన్న గది ఏసేద్దాం" అన్నాడు కోశాధికారి. నాయన అవుననలేదు, కాదనలేదు. పాన్‌గల్ నుంచి వచ్చిన మేస్త్రి దాన్ని అవుననుకుని, ఆడవాళ్లకూ పీఠానికీ మధ్య ఇటుకలు పేర్పించాడు.

నేను ఉపన్యాసమేదీ ఇవ్వలేదు. గోడ లేవాల్సిన చోటికి పోయి బాసింపట్టు వేసుకున్నాను.

"లే తమ్మి, ఇటుక వెట్టాలె" అన్నాడు మేస్త్రి.

"వెట్టన్నా. నా మీదికెల్లే లేపు."

మేస్త్రి చేతిలో ఇటుకతో నాయన వైపు చూశాడు. నాయన నా వైపు చూశాడు. తర్వాత నా వెనక, అత్త కూర్చోవాల్సిన ఖాళీ నేల వైపు చూశాడు. "ఆ ఇటుకలు ప్రహరీకి మోయుర్రి" అన్నాడు.

పైకప్పు లేని హాల్లో, దేవుడింకా రాని పీఠం మీద సాయంకాలపు ఎండ పడుతోంది. వెనక గోడ దాకా అడ్డమేమీ లేదు. యువజన ప్రతినిధిగా ఆ మందిరానికి నేను నిజంగా చేసిన పని ఒక్కటే. కాసేపు కూర్చున్నాను.