టేపత్త వదిలిన మార్జిన్

"పాప పెరగడం లేదు."

ఆ మాట నేను మొదటిసారి పైకి అన్నది ఒక ఆదివారం పొద్దున, గుమ్మం పక్కన మోకాళ్ల మీద కూర్చుని. నా చేతిలో గుడ్డ టేపు. మా నాలుగేళ్ల అమ్మాయి గోడకి వీపు ఆనించి, గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడింది. అద్దె ఇల్లు కాబట్టి గోడ మీద గీతలు గీయడానికి లేదు. కొలిచిన అంకెని నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. రెండు నెలలుగా అదే అంకె.

"నిన్ననేగా కొలిచావు! రాత్రికి రాత్రి పొడుగైపోవడానికి అదేమన్నా సొరపాదా?" అంది మా ఆవిడ.

"రెండు నెలలైంది. కదల్లేదు."

"డాక్టరు బాగానే ఉందన్నాడు కదా."

"డాక్టరు చూసింది రెండు నిమిషాలు."

"అయితే టేపత్త దగ్గరికి తీసుకెళ్లు. ఎలాగూ బడి యూనిఫాం కుట్టించాలి. ఆవిడ చేతిలోనూ టేపే ఉంటుంది. ఇద్దరూ కూర్చుని తీరిగ్గా కొలుచుకోండి."

నేను పనిచేసేది నీటి పరీక్షలు చేసే ల్యాబులో. ఒకే సీసాలో నీళ్లని మూడుసార్లు పరీక్షించి, మూడూ ఒకలాగే వస్తేగానీ కాగితం మీద సంతకం పెట్టను. ఆ అలవాటుని ఇంటిదాకా తెచ్చుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది. పాప మాత్రం దీన్ని ఆట అనుకునేది. కొలవడం అయిపోగానే టేపు ఒక కొస తను పట్టుకుని, రెండో కొస నాకిచ్చి "లాగు నాన్నా!" అనేది. ఇద్దరం లాక్కునేవాళ్లం. ఎప్పుడూ తనే గెలిచేది.

టేపత్త మాకు చుట్టం కాదు. వీధిలో ఎవరికీ చుట్టం కాదు, అయినా అందరికీ అత్తే. పిల్లల బట్టలు కుడుతుంది. మెడలో టేపు లేకుండా ఆవిడని చూసినవాళ్లు లేరు. "నిద్రలో కూడా తియ్యదు. ఒకరోజు నిద్రలోనే నా భుజాలు కొలిచి, తగ్గిపోయావని తిట్టింది" అంటాడు ఆవిడ భర్త. ఆయన్ని మేం మామయ్య అంటాం. ఫ్యాక్టరీ ఉద్యోగం అయిపోయాక భార్య దుకాణంలోనే కాజాలు కుట్టి, గుండీలు వేసి, ఇస్త్రీ చేస్తుంటాడు.

దుకాణం ఒకే గది. వీధి వైపు కాలితో తొక్కే మిషను. మధ్యలో, పాత తలుపుని అడ్డంగా పరిచి చేసిన కటింగ్ బల్ల. గడియ ఉండాల్సిన చిల్లులో గుడ్డ ముక్కలు కూరి ఉంటాయి. గోడ పొడవునా కట్టిన తీగకి కాగితంతో కత్తిరించిన కాలర్లూ చేతులూ జేబులూ వేలాడుతుంటాయి. ఆ కాగితాల కోసం ఆవిడ చిత్తు కాగితాల కొట్టు నుంచి కిలోల లెక్కన పాత పేపర్లు తెస్తుంది. ఆరేళ్ల కిందట అలా తెచ్చిన కట్టలో ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. ఎక్కడో దూరదేశంలో, ఏమీ లేకుండా మొదలుపెట్టి పెద్ద వ్యాపారం చేసిన ఒక పేరున్న మనిషి గురించి. తెలుగులోకి తెచ్చిన పుస్తకం.

కాగితం దళసరిగా ఉందని టేపత్త దాన్ని కత్తిరించడం మొదలుపెట్టింది. పది పేజీలు చిన్నపిల్లల కాలర్లయ్యాయి. పదకొండో పేజీ మీద కత్తెర పెట్టబోతూ, ఆ మనిషి రోజూ పొద్దున తన దుకాణానికి ఎదురుగా నిలబడి, కొత్తగా వచ్చినవాడిలా దాన్ని చూసుకునేవాడన్న వాక్యం చదివింది. కత్తెర పక్కన పెట్టింది. లేచి, వీధి దాటి, ఎదురు అరుగు మీద నిలబడి తన దుకాణాన్ని చూసింది.

"ఏం చూశావత్తా?" అని ఒకసారి అడిగాను.

"పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులు నిలబడే ఉన్నారు నాయనా. పదిహేనేళ్లు మిషను వెనక కూర్చున్నాను, నాకు వాళ్ల మొహాలే కనిపించేవి, కాళ్లు కనిపించేవి కావు." ఆ మధ్యాహ్నమే బెంచీ వచ్చింది. దాని పక్కన పిల్లలెక్కి కొలతలివ్వడానికి చిన్న పీట కూడా.

అదే మనిషి గురించి ఇంకో రెండు పుస్తకాలు పాత పుస్తకాల కొట్లో వెతికి పట్టుకుంది. వాటిని కూడా పదకొండో పేజీ నుంచే చదివింది. "పుట్టుకతో మనకేం పని? పని ఎలా చేశాడో కావాలి గానీ" అంటుంది. దాంతో ఆయన అసలు ఏం అమ్మేవాడో టేపత్తకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. "ఏం అమ్మితే ఏంటి, బాగా అమ్మేవాడు" అని తేల్చేస్తుంది.

రోజూ పొద్దున నిలబడి మాట్లాడుకుంటే మాటలు తొందరగా తెములుతాయని ఆ పుస్తకంలో ఉందట. అది మామయ్య ప్రాణానికి వచ్చింది. "మీటింగట! ఉన్నది ఇద్దరం. నేను కూర్చుంటే సగం ఆఫీసు కూర్చున్నట్టేనట. కంపెనీ ఓనరు గారు ఒప్పుకోరు."

"కూర్చుంటే నువ్వు నిద్రపోతావు. నీకు నిలబడే మీటింగే సరి" అనేది ఆవిడ.

ఇక అన్నిటికంటే ఆవిడ మనసుకి పట్టిన పాఠం ఒకటుంది. దాని సంగతి పాపని తీసుకెళ్లిన ఆ ఆదివారమే నాకు తెలిసింది.

పాప పీట ఎక్కింది. టేపత్త అంగుళాల్లో ఏదో గొణుగుతూ కొలిచి, తన పుస్తకంలో రాసుకుంది. వయసుకి తగ్గట్టే ఉందా అని అడిగాను. "బొమ్మలా ఉంది, ఇంకేం కావాలి?" అంది. అది నాకు జవాబులా అనిపించలేదు. బల్ల మీద ఎవరో పిల్ల గౌను తిరగేసి ఉంది. కింద రెండంగుళాల మడత. పక్క కుట్ల లోపల అంగుళానికి పైగా గుడ్డ.

"ఇంత గుడ్డ లోపల దాచారేంటి?"

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అదే కదా నాయనా అసలు రహస్యం! పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాశాడు. మార్జిన్ వదలని వ్యాపారం ఏడాది నిలవదు. మార్జిన్ ఉన్నవాడే కష్టకాలం దాటతాడు. అది చదివినప్పటి నుంచి ఎవరి గౌనైనా సరే, లోపల బోలెడంత వదులుతున్నాను. పిల్ల పెరిగిన కొద్దీ విప్పిస్తాను."

కుట్టుపని చేసేవాళ్లకి మార్జిన్ అంటే కుట్టు లోపల వదిలే గుడ్డ. వాళ్లకి ఆ మాటకి ఇంకో అర్థం లేదు. నేను నోరు మూసుకోవాల్సింది. కానీ తప్పు కనబడితే సరిదిద్దకుండా ఉండలేని జబ్బొకటి మా చదువు వల్ల వస్తుంది.

"అత్తా, అక్కడ మార్జిన్ అంటే గుడ్డ కాదు. ఖర్చులు పోను మిగిలేది. లాభం. నిజానికి గుడ్డ ఎంత ఎక్కువ వదిలితే మీకు ఆ మార్జిన్ అంత తగ్గుతుంది."

మామయ్య చేతిలో ఇస్త్రీపెట్టె గాల్లోనే ఆగిపోయింది. తర్వాత ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "ఆరేళ్లు! ఓనరు గారు ఆరేళ్లుగా లాభాన్ని గౌన్ల లోపల పెట్టి కుట్టి పంపించేస్తున్నారు!"

టేపత్త కూడా నవ్వింది. కానీ ఆ గౌనుని చేతుల్లోకి తీసుకుని, మడతని వేళ్లతో నిమిరింది. "చదువుకున్నవాడివి, చెప్పావు కాబట్టి సరిపోయింది" అంది మెల్లగా.

ఆవిడకి అది చెడ్డకాలం. వీధి మొదట్లో కొత్తగా రెడీమేడ్ బట్టల దుకాణం తెరిచారు. అద్దాల తలుపులు, లోపల చల్లగాలి. టేపత్త దుకాణం నిలబడిందే మా వీధి పిల్లల బడి యూనిఫాంల మీద. ఆ ఏడు పెద్ద టీచరు సగం పిల్లల్ని ఆ దుకాణానికీ సగం పిల్లల్ని టేపత్తకీ పంచింది. ఏడాది చూసి, ఎవరి బట్టలు నయమైతే వచ్చే ఏటి నుంచి అందరికీ వాళ్లే. అది గనక చేజారితే షట్టరు దించేయడమే.

పాప గౌను కొలతలు నా మాటకి ముందే లోపలి గుడ్డతో కలిపి రాసుకుంది కాబట్టి అది పాత పద్ధతిలోనే వచ్చింది. మిగతా ముప్పై గౌన్లని టేపత్త నా మాట విని, వేలి మందం మడతతో కుట్టింది. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు.

అయిదు నెలలు గడిచాయి. నా నోటుబుక్కులో అంకె అర సెంటీమీటరు కదిలిందంతే. ఒకరోజు మా ఆవిడ పాప గౌను నా ముందు పడేసి, "మోకాళ్ల పైకి వచ్చేసింది. విప్పించుకురా" అంది. నేను పాపని తీసుకుని బయల్దేరాను. గుడ్డ ఉతుకుల్లో కుంచించుకుపోయిందని నా నమ్మకం.

దుకాణంలో పెద్ద టీచరు ఉంది. ఆవిడ ముందు సంచీ నిండా గౌన్లు.

"రెడీమేడ్ వాళ్ల గౌన్లు పొట్టయ్యాయంటే నేనేం ఆశ్చర్యపోలేదమ్మా. లోపల దారం తప్ప ఏమీ ఉండదు. కానీ మీవి కూడానా? ఇదివరకు పిల్ల పెరిగితే మీరు విప్పి ఇచ్చేవారని, ఏడాదంతా ఒకటే గౌను సరిపోయేదని తల్లులు మురిసిపోయేవాళ్లు. మీకు సగమైనా ఇచ్చింది అందుకే. ఇప్పుడు రెండూ ఒకటే అయితే, అక్కడ కనీసం చల్లగా ఉంటుంది."

టేపత్త నా వైపు చూడలేదు. "వారం రోజులు టైమివ్వండి" అంది. అంతే. చదువుకున్నవాడొకడు చెప్పాడనీ, అందుకే ఇలా అయిందనీ ఒక్క ముక్క అనలేదు. టీచరు వెళ్లాక నేనే అన్నాను: "అత్తా, ఇదంతా నా వల్లే."

"నీదేం తప్పులేదు నాయనా. పుస్తకం గురించి నువ్వు చెప్పింది నిజమే. గౌను గురించే నీ మాట వినకుండా ఉండాల్సింది." తర్వాత పాపని చూసి, "ఏంటమ్మా, నీదీ పొట్టయిందా?" అంది.

"కుంచించుకుపోయింది. పాప పెరగలేదు, నేను రోజూ కొలుస్తున్నాను" అన్నాను. జేబులోంచి టేపు కూడా తీశాను, కావాలంటే చూడండన్నట్టు.

టేపత్త గౌను కొలిచింది. తన పుస్తకంలో చూసింది. "గౌను ఎంత కుట్టానో అంతే ఉంది." పాపని పీట ఎక్కించి కొలిచింది. "పిల్ల అంగుళం పైన పెరిగింది."

"లేదత్తా..."

ఆవిడ నా చేతిలోంచి టేపు తీసుకుని బల్ల మీద పరిచింది. మెడలోంచి తన టేపు తీసి దాని పక్కన పెట్టింది. రెండిటి మొదళ్లూ కలిపి, ముడతలు లేకుండా అరచేత్తో చివరిదాకా నిమిరింది. ఆవిడ టేపు మీద మీటరు గీత వచ్చిన చోటుకి నా టేపు మీద ఇంకా మూడు సెంటీమీటర్లు తక్కువే ఉంది. గుడ్డ టేపు లాగితే సాగుతుంది. సాగిన టేపు ఎంత పొడుగునైనా తక్కువే చూపిస్తుంది. నెలల తరబడి మేమిద్దరం చెరో కొస పట్టుకుని లాగుతూనే ఉన్నాం.

"పిల్లతో పాటు నీ టేపు కూడా పెరిగింది నాయనా. నేను ఏటా కొత్తది కొంటాను" అంది టేపత్త.

ల్యాబులో కొలిచే సామాన్ని ముందు సరిచూడకుండా నేను ఏ పరీక్షా మొదలుపెట్టను. ఇంట్లో ఒక్కసారి కూడా సరిచూసుకోలేదు. మామయ్య నా మొహం చూసి ఈసారి నవ్వలేదు. మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చాడు.

టేపత్త బ్లేడుతో పాప గౌను అంచు విప్పింది. మడత కిందికి దిగింది. అయిదు నెలల ఎండకి వెలిసిన నీలం కింద, ఎండ తగలని ముదురు నీలం పట్టీ ఒకటి బయటపడింది. "ఇదిగో, చూసుకో. ఇంత పెరిగింది నీ కూతురు" అంది. నేను దాని మీద వేలు పెట్టాను. పాప ఏమైందోనని నా వేలు పక్కన తన వేలు పెట్టింది.

ముప్పై గౌన్లలో విప్పడానికి ఏమీ లేదు. కానీ ఇరుగ్గా కత్తిరించడం వల్ల మిగిలిన గుడ్డనంతా టేపత్త పారేయకుండా మూటకట్టి అటక మీద పెట్టింది. దాన్ని దింపాం. మూడు సాయంత్రాలు ల్యాబు నుంచి నేరుగా వచ్చి బెంచీ మీద కూర్చుని పక్క కుట్లు విప్పాను. ఆవిడ ప్రతి గౌనుకీ కింద పట్టీ వేసి, పక్కల్లో ముక్కలు కలిపి, ఆ పట్టీ లోపల మళ్లీ రెండంగుళాలు మడిచింది. మామయ్య ఇస్త్రీ చేస్తూ, "వీడు విప్పిన కుట్లు చూస్తే ఎలక కొరికినట్టున్నాయి. కంపెనీలోంచి తీసెయ్యండి ఓనరు గారూ" అంటూనే ఉన్నాడు.

వారానికి గౌన్లు బడికి చేరాయి. పెద్ద టీచరు ఒకదాన్ని తిరగేసి, మడతని వేళ్లతో పట్టుకుని చూసిందట. మరుసటి ఏడు బడి మొత్తం టేపత్తకే వచ్చింది.

ఆ వార్త తెలిసిన రోజు వెళ్లాను. ఆవిడ పుస్తకం తెరిచి, మార్జిన్ గురించి రాసిన చోట పెన్సిలుతో ఏదో రాస్తోంది. తొంగి చూశాను. 'లోపలి గుడ్డ కూడా' అని ఉంది.

"ఆయనది ఆయనకి, మనది మనకి" అంది. తర్వాత నా వైపు చెయ్యి చాచింది. "నీ టేపు ఇక్కడ పెట్టి వెళ్లు. రోజూ కొలిస్తే పెరిగేది నీ భయమే. పిల్ల ఎదిగిన రోజున గౌను దానంతటదే బిగుతై చెప్తుంది. అప్పుడు విప్పడానికి లోపల కాస్త వదిలి ఉంచు. గౌనులో నేను వదులుతాను. ఇంట్లో నువ్వు వదులు."

సాగిపోయిన ఆ టేపు ఇప్పుడు టేపత్త దుకాణంలో, తీగ మీద కాగితపు కాలర్ల మధ్య వేలాడుతోంది. కొలవాలనిపించినప్పుడు చెప్పులేసుకుని వీధి దాటి వెళ్లాలి. చాలాసార్లు రెండో చెప్పు దొరికేలోగా పాపే వచ్చి, వెళ్లొద్దని నా చెయ్యి పట్టుకుని లాగుతుంది. ఇప్పటికీ తనే గెలుస్తోంది.