పెళ్ళికారుకి గేటు రంగు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషికి పాత కారు ఉండి ఉండదు. ఉండి ఉంటే దానికి సొంతంగా రంగు వేసి చూడమని మూడో మాట కూడా చేర్చేవాడు. ఆ మూడో మాట నేను ఒంటరిగా కనిపెట్టాను. అదీ మా మరదలి పెళ్ళిలో, రెండు కుటుంబాల సమక్షంలో. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం పెళ్ళి పందిట్లో నాకు నిలబడ్డానికి చోటు దొరకలేదు.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. వినుకొండ దగ్గర ఒక ఊళ్ళో హైస్కూల్లో సైన్సు మాస్టారిని. సైన్సు చెప్పేవాళ్ళలో కొందరికి ఒక జబ్బు ఉంటుంది. ఏ వస్తువు కనబడినా ఇది ఇలా ఎందుకుందని అడుగుతారు. అడిగి ఊరుకుంటే బాగానే ఉండును. విప్పి చూస్తారు. మా ఇంట్లో గోడ గడియారం, మిక్సీ, మా ఆవిడ సునీత కుట్టుమిషను ఈ జబ్బు తగిలే మంచం పట్టాయి.

ఆ ఏడు ఒక రిటైరైన కాంపౌండరుగారి దగ్గర పాత కారు కొన్నాను. పుట్టుకతో అది తెల్లకారు. నా చేతికొచ్చేసరికి పల్నాటి ఎండలకు మాడి విరిగిన పాల రంగుకి దిగింది. బానెట్టు మీద తుప్పు మచ్చలు. ఇంజను మాత్రం నిక్షేపంలా ఉండేది. దాన్ని నేను విప్పలేదు మరి.

ఇంతలో సునీత చెల్లెలు, మా మరదలు మెర్సీకి పెళ్ళి కుదిరింది. మా మామయ్యగారిది సింగరాయకొండ దగ్గర ఊరు. చర్చి స్కూల్లో టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. మాట తక్కువ మనిషి. ఒకరోజు ఫోను చేశారు.

"ప్రసాదూ, పిల్లను చర్చికి తీసుకెళ్ళడానికి ఒంగోలు నుంచి పూలు కట్టిన కారు మాట్లాడుతున్నా."

"ఇంట్లో కారుండగా అద్దె కారెందుకు మామయ్యా? మెర్సీ మన కార్లోనే వెళ్తుంది."

"ఆ కారులోనా?" అన్నారాయన.

"రంగు వేయిస్తున్నాను మామయ్యా. చూస్తే మీరే గుర్తుపట్టరు."

ఈ చివరి మాట అక్షరాలా నిజమైంది. అది తర్వాత సంగతి.

ఫోను పెట్టగానే సునీత అడిగింది. "ఎవరు వేస్తున్నారండీ రంగు? ఏం పెట్టి వేయిస్తున్నారు?"

ఆ ప్రశ్నకు సమాధానం వెతుక్కుంటూ వినుకొండలో మస్తాన్‌గారి షెడ్డుకి వెళ్ళాను. కార్ల సొట్టలు తీసి రంగులు వేయడంలో ఆయన చేయి తిరిగినవాడు. నా కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, తుప్పు మచ్చను గోటితో గీకి, ఒక అంకె చెప్పారు. నేను కారు కొన్న అంకెకు అది సొంత తమ్ముడిలా ఉంది.

"రంగు డబ్బా అంత ఉండదు కదండీ మస్తాన్‌గారూ?"

"డబ్బులు రంగుక్కాదు మాస్టారూ, గీకుడుకి. కారుకి రంగేయడమంటే పది రోజులు గీకి, ఒక్క పూట రంగేయడం."

"గీక్కపోతే ఏమవుతుంది?"

"గీక్కపోతే అది రంగు కాదండి, దుప్పటి."

అంత మంచి మాటలో నా చెవికి ఎక్కింది ఒక్క ముక్కే. రంగు వేయడం ఒక్క పూట పని. ఒక్క పూట పనికి ఇంకొకరెందుకు? ఫోన్లో నాలుగు వీడియోలు చూశాను. అందులో ఒకాయన వంటింటి స్పాంజితో కారుకి రంగు వేసి, ఆ రంగులో ముఖం చూసుకుని తల దువ్వుకున్నాడు. నాకు చేతులు దురద పెట్టాయి.

మర్నాడే హార్డ్‌వేరు కొట్టుకి వెళ్ళి ఎనామిల్ రంగు అడిగాను. గేట్లకు, కిటికీ ఊచలకు వేస్తారే, అది. మిరపపండు ఎరుపు.

"గేటు పొడవెంతండీ?" అన్నాడు కొట్టాయన, ఎన్ని డబ్బాలు ఇవ్వాలో తేల్చుకోవడానికి.

"పదకొండు అడుగులు."

"ఎత్తు?"

"నాలుగున్నర."

"చాలా పెద్ద గేటండీ. ఎక్కడ పెడుతున్నారు?"

"ఒకచోటని కాదు," అన్నాను.

ఆదివారం ఆరాధన ముగియగానే కారును మా ఏసోబు దొడ్లోకి తోలాను. ఏసోబు నా చిన్ననాటి స్నేహితుడు. మూడెకరాల మిరప, రెండెకరాల పత్తి, ఒక ట్రాక్టరు. నేను చెప్పేవన్నీ నమ్మడు గానీ, ఏం జరుగుతుందో చూడాలన్న సరదా వాడికీ ఉంది. మా ఇద్దరి స్నేహానికీ అదే పునాది.

డబ్బా మూత తీశాం. రంగు పాకంలా చిక్కగా ఉంది. కుంచె ముంచితే బయటికి రానంది. పలచన చేయడానికి టర్పెంటాయిలు కలపాలి. అది కొనడం మరిచిపోయాను. ఆదివారం కొట్టు మూత.

"ట్రాక్టర్లో డీజిలుంది," అన్నాడు ఏసోబు, ఏదో మాటవరసకి.

వాడు మాటవరసకి అన్నది నా బుర్రలో సిద్ధాంతమైపోయింది. ఎనామిల్ నూనె రంగు. డీజిలూ నూనె లాంటిదే. రెండూ కలుస్తాయి. కలిపాను, కలిసింది. కుంచె వెన్నలో నడిచినట్టు నడిచింది.

"ఒరేయ్, ఇది ఆరుద్దా?" అన్నాడు ఏసోబు.

"టర్పెంటాయిలు ఆవిరవుతుంది, డీజిలూ ఆవిరవుతుంది. కాస్త ఆలస్యం, అంతే."

"ఎంత ఆలస్యం?"

"అదే చూద్దాం."

నా జీవితంలో చేసిన పాడు పనులన్నిటికీ ముందు నేనన్న మాట ఈ "అదే చూద్దాం". సాయంత్రానికి కారు పండు మిరపకాయలా నిగనిగలాడుతోంది. ఏసోబు అయితే రెండడుగులు వెనక్కి వేసి, "పర్లేదురా, చదువుకున్నోడివే," అన్నాడు.

సోమవారం ముట్టుకుంటే అంటుకుంది. మంగళవారం అంటుకుంది. బుధవారం పక్క కల్లంలో ఆరబోసిన మిరపకాయల నుంచి గాలికి లేచిన తొక్కలు అతుక్కున్నాయి గానీ, ఎరుపు మీద ఎరుపు గనక ఎవరూ పట్టించుకోలేదు. ఏసోబు ఒక అట్టముక్క మీద 'రంగు పచ్చిగా ఉంది, ముట్టుకోవద్దు' అని రాసి ముందు నిలబెట్టాడు. అంతవరకూ పక్కనుంచి మామూలుగా పోయేవాళ్ళు ఆ బోర్డు చదివి, నిజంగా పచ్చిగానే ఉందా అని ఒక వేలు పెట్టి చూసి వెళ్ళడం మొదలుపెట్టారు. శుక్రవారానికి ఊళ్ళో సగంమంది వేలిముద్రలు నా కారు మీద ఉన్నాయి.

నేను నిరాశపడలేదు. నోటుపుస్తకం తీసి పరిశీలనలు రాసుకున్నాను. తొమ్మిది రోజులకు ఒక గొప్ప సత్యం బయటపడింది. చల్లని వేళ ఆ రంగు గట్టిగా ఆరినట్టే ఉంటుంది. ఎండెక్కితే మెత్తబడుతుంది. పొద్దున ఏడింటికి అది కారు, పదకొండింటికి హల్వా.

"పెళ్ళి ఎన్నింటికి?" అని అడిగాడు ఏసోబు.

"పదకొండింటికి."



అద్దె కారు అప్పటికే వద్దన్నాం. పెళ్ళిళ్ళ రోజులు. ఇంకొకటి దొరికే వీలు లేదు. కాబట్టి పెళ్ళి రోజు తెల్లవారుతుండగా నేనూ సునీతా బయలుదేరాం. చల్లగాలి తగులుతోంది, రంగు రాయిలా ఉంది. సునీత ఒక్క మాటే చెప్పింది. "అక్కడ ఎవర్నీ కారుకి ఆనుకోనివ్వకండి."

"నాకు తెలీదా?" అన్నాను. నాకు తెలుసు. తెలిసి చేసిన తప్పుకే కదా మరి శిక్ష ఎక్కువ.

అద్దంకి ఇంకా చాలా దూరం ఉందనగా మా ముందుకు ఒక పత్తి లారీ వచ్చింది. మీరు చూసే ఉంటారు. లారీ కనబడదు, పొట్ట పగిలిన పరుపు ఒకటి రోడ్డంతా నిండి నడుస్తుంటుంది. దాటుకుని పోదామంటే దారి లేదు. అప్పటికి సూర్యుడు బాగా పైకొచ్చాడు. గోతుల్లో లారీ ఊగినప్పుడల్లా గుప్పెడు పత్తి గాల్లోకి లేచి, ఇటూ అటూ చూసి, నా కారు మీదే వాలింది.

"ఏవండీ, పత్తి అతుక్కుంటోందండీ."

"గాలికి పోతుందిలే."

"పోవడం లేదండీ. ఇంకా వస్తోంది."

గంటసేపు ఆ లారీ వెనకే నడిచాం. అది పక్క రోడ్డులోకి తిరిగేసరికి బానెట్టు, కప్పు దూది పరుపులా అయిపోయాయి. పక్కల మాత్రం పలచగా పడింది. దిగి పీకబోయాను. పీకినచోట రంగు కూడా దారాలు దారాలుగా లేచి వచ్చింది. చేయి తీసేశాను.

ఒంగోలు దాటాక హైవే మీద కాగితాలు చూస్తున్న కానిస్టేబుల్ ఒకాయన ఆపమని చేయి చూపించాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆర్సీలో రంగు తెలుపు అని ఉంటుంది. రంగు మారిస్తే ఆఫీసులో చెప్పి రాయించుకోవాలి. ఆ సంగతి ఏ వీడియోలోనూ చెప్పలేదు.

ఆయన ఆర్సీ చూశాడు. కారును చూశాడు. మళ్ళీ ఆర్సీ చూశాడు.

"తెలుపని ఉంది," అన్నాడు.

నేను జరిమానాకి జేబులో చేయి పెట్టాను.

"తెల్లగానే ఉంది," అని కాగితం తిరిగిచ్చి, "అయితే ఇదేంటి మాస్టారూ, చలేస్తోందా దీనికి?" అన్నాడు.

"పెళ్ళికారండి," అంది సునీత.

"అదీ సంగతి. వెళ్ళండి, వెళ్ళండి."

మామయ్యగారి ఇంటి ముందు ఆగేసరికి పది దాటింది. ఆయన గడపలోంచి చూసి అలాగే నిలబడిపోయారు. నేను దిగి ఏదో చెప్పబోయేలోగా మగపెళ్ళివారి తరపున పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చిన పెళ్ళికొడుకు పెదనాన్నగారు ముందుకొచ్చారు. చీరాలలో బట్టల వ్యాపారం ఆయనది. నూలంటే ప్రాణం. కారు చుట్టూ తిరిగి అన్నారు.

"ఎవరండీ ఈ అలంకారం చేసింది? పూలకారు ఎక్కడ చూసినా ఉంటుంది. పత్తితో కారు కట్టడం ఇదే చూడ్డం."

"మా అల్లుడు," అన్నారు మామయ్యగారు. ఆ రెండు మాటల్లో గర్వం ఉందో మరేముందో నాకిప్పటికీ తెలీదు.

మెర్సీ తెల్ల పట్టుచీరలో వచ్చింది. నేనే తలుపు తెరిచి, ఎక్కించి, నేనే మూశాను. కూర్చున్నాక కిటికీలోంచి నా చొక్కా చేయి పట్టి లాగి, "బావా, నిజం చెప్పు. ఇది అలంకారమా?" అంది.

"పెళ్ళయ్యాక చెప్తా," అన్నాను.

చర్చి దగ్గర జనం మూగారు. అందరికీ వింతే. ఎలా అతికించారు, జిగురేమిటి, ఎన్ని గంటలు పట్టింది. పొగడ్త తలకెక్కితే మనిషికి సైన్సు పనిచేయదు. సునీత కళ్ళతో ఏదో సైగ చేస్తోంది. నాకు అదీ మెచ్చుకోలులాగే కనిపించింది. ఫొటోగ్రాఫరు వచ్చి, రెండు కుటుంబాల పెద్దల్నీ కారు దగ్గర నిలబెట్టి, "ఇంకాస్త వెనక్కి జరగండి," అన్నాడు.

వాళ్ళు మొహమాటపడ్డారు. అప్పుడు, అయ్యలారా, ఎవరో కాదు, నేనే అన్నాను. "పర్లేదండీ, కారుకి ఆనుకోండి. మనదేగా."

ఆనుకున్నారు. పెదనాన్నగారు, ఆయన తమ్ముళ్ళు, మామయ్యగారు, మా పెద్ద బావమరిది. అందరూ మల్లెపువ్వుల్లాంటి తెల్ల చొక్కాలు. ఒక జట్టు లేవగానే ఇంకో జట్టు. పత్తి పలచగా పడిన తలుపుల వైపే ఆనుకున్నారు. పదకొండు కావస్తోంది, ఎండ చుర్రుమంటోంది.

లోపల నేనూ సునీతా వెనక బల్ల మీద కూర్చున్నాం. పాస్టరుగారు ప్రార్థనకు అందర్నీ లేచి నిలబడి కళ్ళు మూసుకోమన్నారు. ప్రార్థనలో కళ్ళు తెరవకూడదు. తెరిచాను. జబ్బు.

ముందు మూడు వరసల్లో రెండు కుటుంబాల పెద్దలూ తలలు వంచి నిలబడి ఉన్నారు. ప్రతి వీపు మీదా అడ్డంగా ఒక ఎర్ర పట్టీ. పట్టీ చుట్టూ పత్తి పోగులు. సంతకు తోలేముందు కాపరి తన గొర్రెలకు ఎర్ర రంగుతో గుర్తు వేస్తాడే, అచ్చం అలా. మధ్యలో మామయ్యగారు, వాటిల్లో పెద్ద పొట్టేలులా.

పాస్టరుగారికి ముందు వైపే కనిపిస్తుంది. ఆయన పాపం చేతులు చాచి, నిండు గొంతుతో అన్నారు.

"ప్రభువా, నేటితో ఈ రెండు కుటుంబాలూ ఒక్క మంద అయ్యాయి."

సునీత కళ్ళు తెరిచింది. చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుండిపోయింది. వెనక బల్లల్లో ఒక్కొక్కరే ఆమెన్ అనబోయి దగ్గుతున్నారు. పాస్టరుగారికి ఆ ఊళ్ళో అంతమందికి ఒక్కసారే జలుబెలా చేసిందో అర్థం కాలేదు.

భోజనాల దగ్గర నిజం బయటపడింది. నేను మూలకు నక్కి ఉంటే పెదనాన్నగారు చొక్కా విప్పి చేత పట్టుకుని, బనీనుతో నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. మామయ్యగారు ఆయన పక్కనే, ముఖం నేలకేసి.

"ఇదేం రంగు బాబూ? మూడుసార్లు సబ్బు పెట్టి రుద్దాను. ఇసుమంత కూడా వదల్లేదు."

"గేటు రంగండి," అన్నాను.

ఆయన ఆ ఎర్ర పట్టీని వెలుతురుకి పెట్టి, వేలితో గీకి, నూలు నాణ్యం చూసినట్టు చూశారు.

"మంచి రంగు. మా ఇంటి గేటుకి వేయిద్దామనుకుంటున్నా. ఎన్నాళ్ళు నిలుస్తుంది?"

నాకు అబద్ధం రాలేదు. "గేటు మీద సంగతి తెలీదండి. చొక్కా మీద మాత్రం శాశ్వతం."

మామయ్యగారు నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. ముందు భుజాలు కదిలాయి, తర్వాత ఆయన కుర్చీ వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ నవ్వు చూసి పెదనాన్నగారూ నవ్వారు. నా ప్రాణం అప్పుడు తిరిగొచ్చింది.

కనుక సకల జనుల సమక్షంలో, సంపూర్ణమైన స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా ఊపిరి ఉన్నంతవరకు కారుకి గానీ, గేటుకి గానీ, కడకు మా ఆవిడ గోటికి గానీ రంగు వేయను. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను తప్ప ఇంకే ఎరుపునూ చేత్తో ముట్టను. అదైనా తెల్లచొక్కా వేసుకున్న మనిషి పక్కన లేనప్పుడే.