కొంటా పెళ్లిలో కాంగో గిటార్లు

2014 నాటికి, తెలుగూ హిందీ రెండూ నడిచే మా సరిహద్దు ఊరు కొంటా బజారులో నాకు పాటల దుకాణం ఉండేది. సీడీల కాలం అయిపోయి, జనం పెన్‌డ్రైవ్‌లూ మెమరీ కార్డులూ తెచ్చి పాటలు నింపించుకునే రోజులవి. పెళ్లిళ్లకు సౌండ్ సర్వీస్ కూడా నేనే చూసుకునేదాన్ని. అంటే స్పీకర్లు, మిక్సర్ తీసుకెళ్లి పాటలు పెట్టే పని. ఆడమనిషి మిక్సర్ ముందు కూర్చుంటే మొదట్లో వింతగా చూశారు, తర్వాత అలవాటుపడ్డారు.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో సత్యం అన్న తీరు వేరు. బోరు బండి మీద డ్రిల్లర్‌గా కాంగోలో పనిచేసేవాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా అక్కడి కొత్త ఆల్బములు నా కంప్యూటర్‌లో వేసి, పక్కన కూర్చుని ఒక్కొక్కదాని గురించి చెప్పేవాడు.

“ఇది ఈ ఏడు కొత్తది చెల్లె. మూడు గిటార్లు ముచ్చట పెట్టుకున్నట్టు ఉంటది. మొదటి రెండు నిమిషాలు నిమ్మళంగ పోతది, ఆగు, ఆ తర్వాత చూడు. ఇదేమో మాలి దేశంది, ఒకామె పాడింది. పొద్దున పని చేసుకుంట వినాలె. ఇది క్యూబాది. అక్కడోళ్ల తాతముత్తాతలను ఆఫ్రికా నుంచి ఓడలల్ల పట్టుకపోయిన్రు. ఆ డోలు దెబ్బ ఇంకా వాళ్ల పాటలల్ల ఉంది. కొలంబియాది మాత్రం పెద్ద స్పీకర్ల మీదనే పెట్టు, ఫోన్ల వింటే దానికి అన్యాయమే.”

నాకు అవి బాగా నచ్చేవి. దుకాణానికి వచ్చినవాళ్లకు వినిపిస్తే మాత్రం “ఏంది ఈ భాష?” అని నవ్వి సినిమా పాటలే అడిగేవాళ్లు.

ఆ వేసవిలో సుజాత పెళ్లికి పిలిచారు. సుజాత మా ఊరి తెలుగు పిల్ల, నర్సు. పెళ్లికొడుకు సుక్మాలో బడిపంతులు, వాళ్లది జగదల్‌పూర్ హిందీ కుటుంబం. ఇద్దరూ ఇష్టపడ్డారు కానీ పెద్దలు ఒప్పుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఆ ఒప్పుకోవడం కూడా అంతంతమాత్రమే.

పొద్దున తాళి కట్టడం అయింది. భోజనాలకు ముందు ఆటపాటలు. నేను తెలుగు పాట పెట్టగానే పెళ్లికొడుకు పెదనాన్న వచ్చాడు.

“బేటీ, హిందీ గానా లగావో. హమ్ బారాతీ హై!”

మగపెళ్లివాళ్ల మాట కాదనలేక హిందీ పాట పెట్టాను. అది ఎత్తుకుందో లేదో సుజాత మేనమామ రాఘవులు ఊడిపడ్డాడు.

“ఏందమ్మా ఇది? మా వాకిట్ల మా పాటలే బంద్ చేస్తవా?”

అటొకటి, ఇటొకటి పెట్టి చూశాను. ఒక వైపు పాట నడుస్తుంటే రెండో వైపువాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. మాటా మాటా పెరిగింది. చివరికి పెదనాన్న భోజనం వద్దు, బస్సెక్కండని తనవాళ్లను కేకేశాడు. “పోనీ, ఎవరు ఆపుతున్నరు?” అన్నాడు రాఘవులు.

సుజాత పెళ్లిచీర ఎత్తిపట్టుకుని నా దగ్గరికి పరుగున వచ్చింది.

“అక్కా, ఏమన్న చెయ్యి. వీళ్లు తినకుండ పోతే నేను ఆ ఇంట్ల ఏ మొకం పెట్టుకొని అడుగుపెట్టాలె?”

కంప్యూటర్ వైపు తిరిగాను. స్క్రీన్ మీద సత్యం అన్న ఆల్బములు కనిపించాయి. ఇవి వీళ్లవీ కావు, వాళ్లవీ కావు కదా అనిపించింది. క్రాస్‌ఫేడ్ చేశాను, అంటే నడుస్తున్న పాటను తగ్గిస్తూ రెండోదాన్ని మెల్లగా పైకి తెచ్చాను. కాంగో గిటార్లు మొదలయ్యాయి. బేస్ కొంచెం పెంచాను.

రెండు వైపులా అరుపులు ఆగాయి. ఇది ఎవరి పాట అని ఒకరు హిందీలో, ఒకరు తెలుగులో అడిగారు.

“ఎవరిదీ కాదు. ఒక్క రెండు నిమిషాలు వినండి” అన్నాను.

అంత పొడుగైన రెండు నిమిషాలు నా వృత్తిలో మళ్లీ రాలేదు. తర్వాత గిటార్లు ఒక్కసారిగా ఉరికాయి. సుజాతతో పనిచేసే దోర్లా గిరిజన అమ్మాయిలు చేతులు పట్టుకుని వరసకట్టారు. వాళ్ల వెనక పెళ్లికొడుకు నానమ్మ లేచింది. మోకాళ్ల నొప్పుల మనిషి. బస్సు వైపు నడుస్తున్న పెదనాన్న చేతిలో తన కర్ర పెట్టి, వరసలో కలిసిపోయింది! తల్లి ఆడుతుంటే కొడుకు ఎక్కడికి పోతాడు? కర్ర పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే భుజాలు కదిపాడు. రాఘవులు నవ్వు ఆపుకోలేక అతని చెయ్యి పట్టి లాగాడు.

క్యూబా అయింది, కొలంబియా పెట్టాను. పెళ్లిమేళం డోలువాళ్లు ఊరుకోలేక తమ డోళ్లు తెచ్చి కలిపారు. అన్నం చల్లారిపోతోందని వంటవాళ్లు మొత్తుకున్నారు, ఎవరూ వినలేదు.

ఆయాసపడుతూ నానమ్మ వచ్చి, ఇది ఏ ఊరి పాట అని హిందీలో అడిగింది. సముద్రం అవతలిదని చెప్పాను.

“అంత దూరందా? మరి నా నడుముకు ఎలా తెలుసు?” అంది.

మర్నాటి నుంచి దుకాణం ముందు ఒక పలక పెట్టాను. వచ్చిన కొత్త ఆల్బముల గురించి దాని మీద రెండేసి మాటలు రాసేదాన్ని. కాంగో దాని కింద “మోకాళ్ల నొప్పులున్నవారికి కూడా” అని రాశాను. జనం చదివి నవ్వుకుంటూ లోపలికి వచ్చి అదే నింపించుకుపోయారు.

పెళ్లి బుకింగ్‌కు వచ్చినవాళ్లను అంతకుముందు నేను మొట్టమొదట అడిగే మాట, ఏ భాష పాటలు కావాలని. ఆ పెళ్లి నా ప్రశ్నే తప్పని నేర్పింది. ఇప్పుడు, ఎవరెవరు కలిసి ఆడితే చూడాలని మీకుంది అని అడుగుతాను.