శుక్రవారం తొడిగిన ఓపల్

టాటానగర్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, పక్కనున్నావిడ నా మెడలో వేలాడే భూతద్దం వైపు చూసింది.

"అదేటి బాబూ?"

ఈ ఊళ్లోనే సాక్చీ బజారు నగల కొట్లో రాళ్లు పరీక్షించడం నా పని అని చెప్పాను. ఆవిడ వెంటనే కొంగుముడి విప్పి ఒక వెండి ఉంగరం నా చేతిలో పెట్టింది.

"మా ఆయనది. కిడ్నీలు పాడైపోతే శుక్రుడి రాయి పెట్టమన్నాడు పంతులు. శుక్రవారం పూట పాలల్లో కడిగి నేనే తొడిగినాను. ఏడాది తిరక్కుండానే ఎల్లిపోనాడు. ఇది నకిలీదని మా బారిడీ బస్తీలో అందరూ అంటన్నారు. నిజమేనా?"

శుక్రుడి రాయంటే ఓపల్. కిటికీ దగ్గరికెళ్లి ఎండలో పెట్టి చూశాను. కార్ఖానాలో చేసిన ఓపల్‌లో రంగులు చేప పొలుసుల్లా ఒకే తీరున పేర్చినట్టుంటాయి. ఇందులో ఎరుపూ ఆకుపచ్చా ఇష్టమొచ్చినట్టు ఒలికిపోయి ఉన్నాయి. ఏ రెండు మచ్చలకీ పోలిక లేదు. అలాంటి రాయి మా కొట్టుకే అరుదుగా వస్తుంది.

"అసలుదేనమ్మా! మిమ్మల్నెవరూ మోసం చెయ్యలేదు," అన్నాను సంతోషంగా.

ఆవిడ ఉంగరాన్ని మళ్లీ కొంగులో వేసుకుంది. ముడి ఎంతకీ పడలేదు.

"నకిలీదైతే బాగుణ్ను బాబూ. రాయి మంచిది కాదు, అందుకే పోనాడు అనుకుని సర్దుకుందును."

ఇంతలో ఆవిడ ఎక్కాల్సిన రైలు వచ్చింది.

ఇప్పటికీ కొట్టుకి ఎవరైనా ఓపల్ తెస్తే, భూతద్దం కంటికి పెట్టుకునే ముందు, "ఇది ఎవరిదండీ?" అని అడుగుతాను.