రెండు పక్షాలూ ఔననే పోటీ

వ్యతిరేక పక్షం లేని డిబేట్‌ను మీరెప్పుడైనా చూశారా? నవ్వకండి, మిమ్మల్నే అడుగుతున్నాను. పోయిన వారం మా ఊరి కాలేజీ ప్రిన్సిపాల్ నన్ను న్యాయనిర్ణేతగా రమ్మని ఫోన్ చేసి, "ఎవరూ నెగటివ్‌గా మాట్లాడకుండా ముందే చూసుకున్నామండి, మీకేం శ్రమ ఉండదు" అని భరోసా ఇచ్చాడు. నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. అలాంటి పోటీలో నేనే ఒకప్పుడు వక్తను మరి. కువైట్‌లో, రెండువేల తొలి సంవత్సరాల్లో.

అప్పుడు మేం ఖైతాన్‌లో ఓ పాత ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నాన్నది కోనసీమ, ఉద్యోగం ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్‌కీపర్. పడుచుతనంలో హేతువాద సభల్లో మైకు చేతికొస్తే దించని మనిషి. కువైట్‌లో మైకు దొరకదు కాబట్టి శుక్రవారం మధ్యాహ్నాలు మా హాల్లోనే సభ పెట్టేవాడు. పప్పుచారు, వేపుడు, అప్పడాలు అయ్యాక చాప మీద చీటీలు తీయాలి. చీటీలో ఏ పక్షం వస్తే ఆ పక్షాన్ని, నమ్మినా నమ్మకపోయినా, ప్రాణం పెట్టి వాదించాలి. మొక్కుబడిగా వాదించినవాడికి ఆ పూట టీ లేదు. ఈ శిక్షను అమ్మ దయాదాక్షిణ్యాలు లేకుండా అమలు చేసేది. ఆ సభలో అందరికన్నా గొప్ప వక్త సల్వాలో ఒక ఇంట్లో డ్రైవరుగా పనిచేసే కడప అన్న. 'యజమాని ఎప్పుడూ తప్పు చేయడు' అనే చీటీ వచ్చినరోజు ఆయన లేచి, ఇంటి యజమానురాలిని అక్కడి పిలుపుతో 'మామా' అంటూ, మొహంలో చిన్న నవ్వైనా లేకుండా అన్నాడు: "మా మామా కారెక్కి యల్లా, పదపద అంటాది గానీ, యాడికో చెప్పదు. ఎందుకు చెప్పాల? చెప్తే నా తెలివి మొద్దుబారిపోదా? నామీద ఎంత పేమ ఉంటే ఊరంతా తిప్పి తిప్పి నాకు దావలన్నీ నేర్పిచ్చింటాది!" ఒక్క నిందావాక్యం లేదు. పొగిడి పొగిడి ఉతికి ఆరేశాడు. ఆ రోజు ఆయనకు రెండోసారి కూడా టీ వచ్చింది.

నేను చదివింది ఒక ప్రైవేటు కాలేజీలో. ఈడు దాటిన కొడుకు తండ్రి ఇఖామా (అక్కడ ఉండనిచ్చే అనుమతి) మీద ఉండడానికి వీల్లేదు, నాది కాలేజీ మీద నడిచేది. అక్కడ పేరు కొట్టేస్తే దేశమే వదలాలి. ఇది తెలిసి కూడా, మండుటెండల్లో లైబ్రరీ ఏసీ పాడై ఎవరూ పట్టించుకోకపోతే, తలుపు మీద 'ఇచ్చట ఇడ్లీలు ఉడికించబడును' అని ఇంగ్లీషులో రాసి అంటించాను. విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి (ఏ దేశస్థుడో చెప్పను, అన్ని దేశాల్లోనూ దొరికే మనిషే) ఇడ్లీ అంటే ఏమిటో, అదెలా ఉడుకుతుందో నలుగురిని వాకబు చేసి తెలుసుకుని మరీ నన్ను పిలిపించాడు. సంస్థ గౌరవాన్ని తగ్గించే మాట రాయకూడదు, పలకకూడదు, ఇది నియమం. ఇంకొక్క ఫిర్యాదు వస్తే పేరు కొట్టేస్తానన్నాడు. ఏసీ మాత్రం అలాగే ఉంది.

ఆ నెలలోనే డిబేట్ పోటీ వచ్చింది. ప్రసంగాలన్నీ ముందే రాసి ఆయనకు చూపించి ముద్ర వేయించుకోవాలి. అసలు ఈ ముందస్తు అనుమతి అవసరమా అన్నదే అంశంగా పెట్టమని విద్యార్థులం అడిగాం. ఆశ్చర్యం, ఆయన ఒప్పుకున్నాడు.

"మంచి అంశం. ఇద్దరూ అవసరమనే మాట్లాడండి."

"మరి పోటీ ఎక్కడుంది సార్?"

"ఎవరు ఎక్కువ అవసరమంటే వాళ్ళు గెలుస్తారు."

ఇంటికొచ్చి చెబితే నాన్న హడలిపోయాడు. "ఒరేయ్, స్టేజీ ఎక్కి ఒక్క ఎదురుమాట అన్నావనుకో, నీ ఇఖామా ఖలాస్! ఊరెళ్ళి కొబ్బరికాయలు దింపుతావా?"

"వాదించమని నూరిపోసింది నువ్వే కదా నాన్నా?"

"ఇంట్లో వాదించమన్నానురా! ఇంట్లో వాదించడానికి ఇఖామా అక్కర్లేదు."

పులిలాంటి మనిషిని వీసా ఇంత పిల్లిని చేస్తుందా అనుకున్నాను. కానీ ఆయన భయంలో అబద్ధం లేదు. పోయేది నా చదువే. అందుకే ఎదురుమాట అనకూడదని తీర్మానించుకుని, కడప అన్న పద్ధతిలో ప్రసంగం రాశాను. నా ప్రత్యర్థి ఫింటాస్ నుంచి వచ్చే మలయాళీ అమ్మాయి. నాది చదివి కళ్ళు మెరిపించి, తనది చించేసి మళ్ళీ రాసుకుంది. అధికారి రెండింటిలోనూ 'వద్దు' అన్న మాట కోసం వెతికాడు, దొరకలేదు. సంతోషంగా ముద్ర కొట్టి, నా భుజం తట్టి, "మారిపోయావు" అన్నాడు.

పోటీ రోజున ఆ అమ్మాయి మొదలుపెట్టింది: ప్రసంగాలకే ఎందుకు, తరగతిలో అడిగే సందేహానికీ ముందస్తు అనుమతి ఉండాలి, జవాబు తెలియని ప్రశ్న వస్తే ప్రొఫెసరు మనసు నొచ్చుకోదా? నేను అంతకుమించి సమర్థించాను: సందేహం నోటిదాకా రాకముందే ఆపాలి, కాబట్టి ఆలోచనకూ ముద్ర కావాలి. ఆమె నవ్వుకు కూడా ముద్ర అడిగింది. నేను చప్పట్లకు కూడా అడిగాను. అంతే, ముందు వరుసలోంచి ఒకడు లేచి, "సార్, చప్పట్లు కొట్టొచ్చా?" అన్నాడు అధికారితో. ఆయన పెద్దమనసుతో తలూపాడు. వెనకనుంచి ఇంకొకడు, "గట్టిగానా సార్, మెల్లిగానా?" హాలంతా పగలబడి నవ్వింది. అప్పటికి గానీ ఆయనకు తన సభలో ఏం జరుగుతోందో అర్థం కాలేదు.

మమ్మల్ని గదికి పిలిచాడు. కాగితాలు తిరగేశాడు, మళ్ళీ తిరగేశాడు. ప్రతి వాక్యమూ ఆయన్ని సమర్థిస్తోంది, ప్రతి పేజీ మీదా ఆయన ముద్రే ఉంది. మమ్మల్ని శిక్షిస్తే ముందు తన సంతకాన్ని శిక్షించుకోవాలి. చివరికి, "వచ్చే ఏడాది నుంచి పాటల పోటీ పెడతాను" అని పంపించేశాడు. నా పేరు ఉంది, ఇఖామా ఉంది, నియమమూ నిక్షేపంలా ఉంది.

నవ్వుకున్నాం సరే, కానీ గెలిచామా? ఎత్తుగడ వేస్తే తప్ప బయటపడని మాటను హక్కు అనరు. ఎత్తుగడలు తెలియని పిల్లవాడు ఏం చేయాలి? ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. నాన్న నవ్వలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి, "సరే, నిజంగా ఏం చెప్పాలనుకున్నావో అది చెప్పు" అన్నాడు. చెప్పాను. కాలేజీ గురించి మొదలై ఆయన భయం దాకా వచ్చింది. చాలా మాటలు ఆయన మీదే పడ్డాయి. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అంతా అయ్యాక, "ఇప్పుడు నా వంతు" అని గంభీరంగా మొదలుపెట్టాడు.

ఏళ్ళు గడిస్తే నియమాలు వాటంతట అవే ముసలివి కావు, వాటికి అలవాటుపడ్డ మనమే అవుతాం. కాబట్టి ఈ పూటే మీ పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నిజంగా ఏం చెప్పాలనుకుంటున్నారో అడగండి. చెప్పడం పూర్తయ్యేదాకా నోరు విప్పకండి.