మా కాఫీ మిషను గడియారం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా అంత వయసు రాలేదు. కానీ చంటిపిల్ల ఉన్న ఇంట్లో కాలం నడక వేరుగా ఉంటుంది కనుక, మా పాప ఇంకా బోర్లా పడని ఆ రోజులు తలుచుకుంటే ఎవరో వేరే ఇల్లాలి కాపురాన్ని కిటికీలోంచి చూసినట్టే ఉంటుంది నాకు. ఆ ఇల్లాలు చదువుకున్నదే. డిగ్రీలో సైన్సు మంచి మార్కులతోనే పాసయింది. అయినా పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా లేదా అని చూసేది. (ఆ వేలు తగిలి పాప లేచేది. లేచింది కనుక ఊపిరి ఆడుతున్నట్టే అని ఆవిడ స్థిమితపడేది.) పడగ్గదిలోకి సెల్‌ఫోన్లు రాకూడదని శాసనం చేసింది. అలారం మోగితే పాప ఉలిక్కిపడుతుందని దాన్నీ నిషేధించింది. చుట్టూ హిందీ వినిపించే కార్ఖానా ఊళ్ళో, సిద్ధగోరా అనే పేటలో రెండు గదుల ఇల్లు మాది. అందులో పాప నిద్ర ఒక్కటే ప్రభుత్వం, అత్తయ్య, మావయ్య, మా వారు, నేను, నలుగురం పౌరులం.

మా వారు అప్పటికి కొత్తగా కార్ఖానాలో చేరారు. ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ నెలంతా పొద్దుటి షిఫ్టు వేశారు. వీధి చివరికి బస్సు వచ్చేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారదు. గేటు దగ్గర ఒక్క ఆలస్యం నమోదైనా పర్మినెంటు కాగితం వెనక్కి పోతుందని సూపర్‌వైజరు ముందే చెప్పి ఉంచాడు. కాబట్టి ఆయన్ని వేళకి లేపడం, లేపి కాఫీ ఇవ్వడం మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద పని. ఆ పని అత్తయ్య చేసేవారు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ చీకట్లో గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్తుంటే పక్కలోంచి చూడటం నాకు కష్టంగా ఉండేది. (లేచి చేయడం అంతకన్నా కష్టంగా ఉండేది.) అందుకని ఫోన్లో వెతికి, ఉన్నవాటిలో చవకదైన ఒక కాఫీ మిషను తెప్పించాను. రాత్రి పొడి, నీళ్ళు పోసి టైము పెడితే చాలు, పొద్దున్న దానంతటదే కాఫీ దించి, పీ పీ పీ అని పిలుస్తుంది. వంటింట్లో మోగినా రెండు గదుల్లోకీ చిన్నగా వినిపిస్తుంది, పాప మాత్రం లేవదు. ఇంట్లో అందరికీ నిద్ర కొనిపెట్టానని సంబరపడ్డాను.

అత్తయ్య పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, "ఏటమ్మా ఇది, డూటీకెల్లే పిల్లోడికి మిషను పోస్తాదేటి కాఫీ? మన సెయ్యేటైపోనాదని?" అన్నారు. వాళ్ళ ఇంట్లో డ్యూటీకి వెళ్ళే మనిషి ఆడవాళ్ళ చేత్తో అందించింది తాగి గడప దాటాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ మావయ్య అలాగే వెళ్ళారట. అదే కార్ఖానాలో జీవితమంతా పనిచేసి రిటైరైన మావయ్యకి మాత్రం మిషను నచ్చింది. "మిషను మంచిదే. కాకపోతే ఏ మిషనుకైనా పక్కన ఓ మనిషుండాల. బాయిలర్నొగ్గేసి ఎవుడైనా పడుకుంటాడేటి?" అన్నారు. ఫలితంగా మొదటి రోజుల్లో మావయ్య దాన్ని కనిపెట్టుకుని ఉండటానికి లేచేవారు. అత్తయ్య గ్లాసులో పోసి చేతికి అందించడానికి లేచేవారు. నేను అది అసలు మోగుతుందా లేదా అన్న బెంగతో లేచేదాన్ని. మా వారు మమ్మల్ని చూసి, "అరే మా, సో జావో నా! ఇసీలియే తో మంగాయా హై" అని హిందీలో మొత్తుకునేవారు. పడుకోండి, దీన్ని తెప్పించిందే అందుకు కదా అని. అంతకుముందు చీకట్లో ఒక్క మనిషి లేచే ఇంట్లో ఇప్పుడు నలుగురం లేచి మిషను చుట్టూ నిలబడేవాళ్ళం.

కాఫీ గురించి కూడా కొంచెం చెప్పాలి. మిషనుతో వచ్చిన కాగితం వడపోతలు అయిపోగానే అత్తయ్య పాత మల్లుగుడ్డ చింపి, చిన్న చిన్న సంచుల్లా కుట్టారు. రోజూ ఉతికి పాప లంగోటీల పక్కనే తాడు మీద ఆరేసేవారు. గోధుమరంగు మరకలతో అవి అలా వరసగా వేలాడుతుంటే చూసిన ఎదురింటి భాభీ ఒకరోజు వాము నీళ్ళు కాచి సీసాలో పట్టుకొచ్చింది. "బచ్చీ కా పేట్ ఖరాబ్ హై క్యా?" అని, పాపకి కడుపు పాడైందేమోనని పొట్ట తట్టి మరీ అడిగింది. "బచ్చీకి కాదు భాభీ, కాఫీకి" అన్నారు అత్తయ్య. భాభీ పాప వైపు చూసింది, తాడు వైపు చూసింది, అత్తయ్య వైపు చూసి, వాము నీళ్ళు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

మెల్లగా మిషను మీద నమ్మకం కుదిరి అందరం పడుకోవడం మొదలుపెట్టాం. అసలు కథ అక్కడుంది. షిఫ్టులకి వెళ్ళే ఇళ్ళల్లో గడియారం ఎప్పుడూ నిజం చెప్పదు. మా ముందు గదిలో గోడ గడియారం నేను కాపురానికి వచ్చినప్పటికే చాలా ముందుండేది. "గడియారం సరిగ్గా ఉంటే మనిషి సరిగ్గా ఉండడు" అని మావయ్య సిద్ధాంతం. దాన్ని చూసి టైము తెలుసుకోవాలంటే ఇంట్లోవాళ్ళకి తీసివేతలు రావాలి. కాఫీ మిషనుకి కూడా ఒక చిన్న గడియారం, దాని కింద గంటలకీ నిమిషాలకీ రెండు బటన్లూ ఉన్నాయి. బస్సు తప్పిపోతుందేమోనన్న భయంతో నేను దాన్ని ఎవరికీ చెప్పకుండా కొంచెం ముందుకు జరిపాను.

ఆ తర్వాత కాఫీ చల్లారిపోవడం మొదలైంది. పీ పీ అన్నాక ఆయన ఒక మంచి కునుకు తీసి, లేచి, స్నానం చేసి వచ్చేసరికి కాఫీ నీళ్ళలా ఉండేది. అత్తయ్య దాన్ని మళ్ళీ గ్యాసు మీద పెట్టి, "నాను ముందే సెప్పలేదా?" అన్నట్టు గరిటె చప్పుడు చేసేవారు. మిషను పాడైందనుకుని నేను కంపెనీకి ఫోను చేశాను. అవతలి అమ్మాయి, గడియారం సరిగ్గా ఉందో లేదో చూడమంది. ఆ మాట కొట్టిపారేశాను. గడియారం ముందుందని నాకు తెలుసు, పెట్టింది నేనే కదా. కొంచెం ముందు పెట్టినంత మాత్రాన కాఫీ అంతగా చల్లారుతుందా?

నెలాఖరు దగ్గరపడింది. పర్మినెంటు సంగతి తేల్చేముందు పెద్ద ఆఫీసరు మా వారు పనిచేసే షెడ్డుకి వచ్చి చూస్తాడని, ఆ రోజు అందరూ షిఫ్టు సైరన్‌కి ముందే మిషన్ల దగ్గర ఉండాలని కబురొచ్చింది. సరిగ్గా దానికి ముందురోజు సాయంత్రం గాలివాన వచ్చి వీధంతా కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి కాఫీ మిషను గడియారం అంతా మరిచిపోయి పన్నెండు దగ్గర మిణుకు మిణుకుమంటోంది. మిగిలినవాళ్ళు భోజనాల దగ్గర ఉన్నారు. నేను ఫోను చూసి టైము పెట్టాను. అంత ముఖ్యమైన రోజు లెక్కల్లో తేడా రాకూడదని, ఈసారి ముందుకి జరపకుండా ఉన్నదున్నట్టు పెట్టాను. మా ఇంట్లో ఒక గడియారం నిజం చెప్పడం అదే మొదటిసారి.

తెల్లవారుజామున పీ పీ అంది. ఎంతకీ పడుకోని పాప అప్పుడే నా జబ్బ మీద తల పెట్టి నిద్రలోకి జారింది. కదిలితే లేస్తుంది. కాబట్టి కదలకుండా, "ఏమండీ, కాఫీ అయింది" అని గుసగుసలాడాను.

"టైమ్ హై" అన్నారాయన, ఎంతో ధీమాగా.

"టైము లేదండీ, లేవండి."

"అరే, ఉంది. నాకు తెలుసు" అని నా చేయి తట్టి అటు తిరిగారు. అంత గట్టిగా చెబుతుంటే ఆయనకి తెలిసిందేదో నాకు తెలియలేదేమో అనిపించింది. పక్క గదిలోంచి మావయ్య గురక వినిపిస్తోంది. అత్తయ్య కూడా లేవలేదు. వాళ్ళందరూ ఒకేసారి పొరబడరు కదా అనుకున్నాను. అయినా ఊరుకోలేకపోయాను. ఒక పక్క పాప నిద్ర, ఒక పక్క ఆయన ఉద్యోగం. నేను మధ్యలో పడుకుని, ఎవరికీ వినపడనంత జాగ్రత్తగా, "ఏమండీ, ఏమండీ" అని పిలుస్తూనే ఉన్నాను. అలా ఎంతసేపో తెలియదు. వీధి చివర బస్సు హారను కొట్టింది. కాసేపాగి మళ్ళీ కొట్టింది. తర్వాత గేరు మార్చుకుని వెళ్ళిపోతున్న చప్పుడు వినిపించింది.

అప్పుడు అరిచాను. ఇల్లంతా లేచింది. నేను అన్నాళ్ళూ ఊపిరి బిగబట్టి కాపాడుకొచ్చిన నిద్రలోంచి పాప కూడా లేచి, నా మొహంలోకి చూసి, బోసినోటితో నవ్వింది.

"బస్సెలిపోనాదా?" అన్నారు మావయ్య గుమ్మంలో నిలబడి. ఆయన ఇంకేమీ అడగకుండా లుంగీ ఎగ్గట్టి, పైన పాత యూనిఫారం చొక్కా తొడుక్కుని, వరండాలో దుప్పటి కప్పి ఉంచిన స్కూటరు దగ్గరకి వెళ్ళారు. దాన్ని ఒకసారి పక్కకి వాల్చి, లేపి, కిక్కు కొట్టారు. ఆయన రిటైరయ్యాక ఎవరు ఎక్కినా మొరాయించే ఆ స్కూటరు ఆ రోజు రెండో కిక్కుకే అందుకుంది. "కూకోరా, బేగి!" అన్నారు. మా వారు హెల్మెట్ తగిలించుకుని, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే వెనక ఎక్కారు. వెనకే అత్తయ్య, మోకాళ్ళ సంగతి మరిచిపోయి, స్టీలు గ్లాసుతో పరుగెత్తుకొచ్చి కొడుకు హెల్మెట్ అద్దం పైకెత్తారు. "ఒరే, ఓ గుక్క తాగెల్రా!" ఆయన తాగారు. (ఆ ఒక్కరోజే మిషను కాఫీ వేడిగా ఉందని తర్వాత చెప్పారు.) స్కూటరు పొగ వదులుతూ మలుపు తిరిగింది. అత్తయ్యా నేనూ పాపా గేటు దగ్గర నిలబడి సైరన్ కోసం చెవులు రిక్కించాం. చాలాసేపటికి మోగింది. వాళ్ళు గేటుకి ఇటున్నారో అటున్నారో సైరన్‌ని బట్టి తెలియదు కదా. అత్తయ్య మెల్లగా నా చేతుల్లోంచి పాపని అందుకుని, "అందేసుంటాడులే" అన్నారు.

మావయ్య బాగా ఎండెక్కాక వచ్చారు. చేతిలో వేడి జిలేబీ పొట్లం. అందాడా అని అడిగితే, "అందకేటి? సైరన్ కూసే తలికి గేటు లోపలున్నాడు" అని, ఆ విషయం అక్కడితో వదిలేసి, గేటు ముందు టీ దుకాణంలో తన పాత స్నేహితులు ఎవరెవరు కలిశారో, ఎవరు ఎంత చిక్కిపోయారో చెప్పడం మొదలుపెట్టారు. "నన్నింకా పోల్చినారే" అని అత్తయ్యతో రెండుమూడుసార్లు అన్నారు.

సాయంత్రం విచారణ జరిగింది. మిషను సరిగ్గానే మోగిందని, గడియారం సరిగ్గా పెట్టానని నేను చెప్పగానే మా వారు, "సరిగ్గా ఎందుకు పెట్టావు?" అని నిలదీశారు. "ముందుకి కదా ఉండాలి! నేను కొంచెం జరిపి ఉంచాను." మావయ్య గొంతు సవరించుకుని, గోడ గడియారంతో కలవాలని మొదటివారంలోనే తాను కొంచెం జరిపానన్నారు. నేనూ కొంచెమే అన్నాను. ముగ్గురం అత్తయ్య వైపు చూశాం.

"నాకేసి సూత్తారేటి? నాకు బటన్లు తెల్దనుకున్నారేటి?" అన్నారావిడ. "నానూ కూసింతే తిప్పేను."

నలుగురి కొంచేలూ కలిపితే మా కాఫీ దాదాపు ముందురోజే తయారవుతోందని అప్పుడు తెలిసింది. పీ పీ విన్నాక ఎవరి లెక్క ప్రకారం వాళ్ళు హాయిగా పడుకునేవాళ్ళమన్నమాట. ఆ రోజు నుంచి మిషను గడియారం మీద చేయి వేసే అధికారం మావయ్య ఒక్కరిదే అని తీర్మానించాం. కొన్నాళ్ళకి పర్మినెంటు కాగితం కూడా వచ్చింది. ఆయన దాన్ని తెచ్చి ముందు మావయ్య చేతిలో పెట్టారు.

ఇప్పుడు పాప నర్సరీకి వెళ్తోంది. వ్యాను వీధి చివరికే వస్తుంది, ఎవరి కోసమూ ఆగదు. మొన్న లేపబోతే దుప్పటి మొహం మీదకి లాక్కుని, "మమ్మీ, వో ఘడీ తో ఆగే హై" అంది. మా కాఫీ మిషను గడియారం ముందుందట. ఎవరు చెప్పారే అంటే, "సబ్‌కో పతా హై", అందరికీ తెలుసని, అటు తిరిగింది, అచ్చం వాళ్ళ నాన్నలాగే. నిజమే, మా తీర్మానం పక్కన పెట్టి, వ్యాను వచ్చిన కొత్తలో ఎవరికీ చెప్పకుండా నేనే జరిపాను. దాన్ని వెనక్కి తిప్పుదామని లేచి, మిగిలిన ముగ్గురూ ఎవరెంత జరిపి ఉంటారో తెలియక, మళ్ళీ కూర్చున్నాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే ఆ పాత ఇల్లాలు ఎక్కడికీ వెళ్ళలేదని తెలిసి నవ్వొచ్చింది. దుప్పట్లో పాప ఊపిరి చక్కగా, హాయిగా వినిపిస్తోంది. ఈసారి గుసగుసలాడలేదు. గట్టిగానే పిలిచాను.