తొమ్మిది రోజుల సూర్యుడు

మొన్న బుధవారం పొద్దున గుణదలలో మా అపార్ట్‌మెంటు బాల్కనీలో కూర్చుని గోంగూర కాడలు తుంచుకుంటూ ఉండగా, భుజానికి లాప్‌టాప్ సంచీ తగిలించుకున్న ఒక పిల్ల వచ్చి, కాలేజీ ఫిజిక్స్ లాబులో పనిచేసిన ఆవిడ మీరేనా అని అడిగింది. రిటైరయ్యాక నన్ను ఆ ఆనవాలుతో వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు లేరు కనక, ఇదేదో సర్వే కాబోలనుకుని ఆధార్ కార్డు కోసం లోపలికి వెళ్ళబోయాను. ఆ పిల్లది తెనాలిట, బెంగుళూరులో సూర్యుడి మీద పరిశోధన చేస్తోందిట. సూర్యుణ్ణి కనిపెట్టి ఉండటానికి మనవాళ్ళు అంతరిక్షంలోకి ఒక నౌకను పంపారు కదా, అది పంపే బొమ్మలతో పోల్చి చూడటానికి, వెనకటి రోజుల్లో కాలేజీల్లో చేత్తో గీసిన సూర్యుడి బొమ్మలన్నీ ఊరూరా తిరిగి పోగుచేస్తోందిట. మా కాలేజీ పాత బిల్డింగు పడగొట్టబోతూ బీరువాలు ఖాళీ చేస్తుంటే రిజిస్టర్లు బయటపడ్డాయనీ, ఒకదాంట్లో వరసగా తొమ్మిది పేజీల అంచున ఎవరో ఒకే మాట రాశారనీ, అది రాసిన మనిషి కోసమే వచ్చాననీ చెప్పి ఫోనులో ఫోటో చూపించింది. నలభై అయిదేళ్ళ తరవాత నా చేతిరాత నా కళ్ళబడేసరికి గోంగూర పళ్ళెం ఒళ్ళోంచి జారిపోయింది.

ఆ మాట ఇది: పోగు తెగినది, అతికి పక్క మేకుకు కట్టితిని, దిక్కు నమ్మరాదు.

మాది పెడనలో నేతపని చేసుకునే ఇల్లు. ఇంట్లో రెండు గుంటమగ్గాలు, నాన్న ఒకదాని మీద, పెదనాన్న ఒకదాని మీద. నేను బీఎస్సీ దాకా చదవడమే మా వీధిలో పెద్ద వింత, ఆ చదువు పుణ్యమా అని బెజవాడలో ఉద్యోగం దొరికితే ఇక చెప్పేదేముంది. గుణదలలో మేనత్త ఇంట్లో ఉండి రోజూ కాలేజీకి బస్సులో వెళ్ళేదాన్ని. ఉద్యోగం అంటే టెంపరరీదే. ఢిల్లీ నుంచి వచ్చే గ్రాంటు ఉన్నన్నాళ్ళు నేనుంటాను, అది ఆగితే నేనూ ఇంటికి పోతాను. చేయవలసిన పని, రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి మేడ మీదికెక్కి సూర్యుడి మీద మచ్చలెన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో కాయితం మీద గీసిపెట్టడం. మా అత్తయ్యకి ఇది చచ్చేంత నవ్వు తెప్పించేది. బెజవాడలో ఎండ చూడటానికి గవర్నమెంటు జీతమిచ్చి మనిషిని పెట్టిందా, వీధిలో నిలబడితే మేమంతా ఊరికే చూడటం లేదుటే, అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. రోహిణీకార్తెలో మన ఊరి ఎండ ఎరిగినవాళ్ళు ఎవరైనా ఆవిడ పక్షమే కదా.

మా మాస్టారు ఫిజిక్స్ లెక్చరరు. తెల్ల ధోవతి, మోచేతుల దాకా మడిచిన చొక్కా, మాట తక్కువ. సూర్యుడి మచ్చలు పదకొండేళ్ళకోసారి పెరిగి తరుగుతాయనీ, అటువంటి దాన్ని అర్థం చేసుకోవాలంటే ఒక మనిషి జీవితం చాలదనీ, అందుకని ఎవరి వంతు రోజులు వాళ్ళు తప్పులేకుండా రాసిపెట్టిపోవడమే మన పని అనీ నాకు మొదటిరోజే చెప్పారు. ఉన్నది చిన్న టెలిస్కోపు. దాంట్లోకి కన్ను పెట్టి చూడకూడదు, చూస్తే కన్ను పోతుంది. దాని వెనక తెల్ల కాయితం పెడితే సూర్యుడు అప్పడమంత గుండ్రంగా కాయితం మీద పడేవాడు. ఆ కాయితం పట్టుకోవడానికి మాస్టారు కొండపల్లిలో బొమ్మలు చేసే ఆయన చేత పొణికి చెక్కతో తేలికైన చట్రం చేయించారు. చట్రానికి అటూ ఇటూ సన్నటి మేకులు, మేకు నుంచి మేకుకి బిగించి కట్టిన నూలుపోగు. ఆ పోగే మాకు తూర్పు పడమరల గీత. మచ్చ ఎక్కడుందో ఆ పోగును బట్టి కొలవాలి. పోగు తెచ్చింది నేనే. మా నాన్న మగ్గం మీది సన్ననూలు, గంజి పెట్టినది, అంత నున్నగా నిలబడే పోగు బజారులో దొరకదని మాస్టారు మెచ్చుకుంటే నాకు నెత్తిన కిరీటం పెట్టినట్టుండేది.

ఆ ఏడు వేసవిలో మాస్టారు పరీక్షపేపర్లు దిద్దడానికి గుంటూరు వెళ్ళి పది రోజుల పైన అక్కడే ఉండిపోయారు. పని నాకు అప్పజెప్పారు. ఆయన వెళ్ళిన మర్నాడే, వడగాలికి ఎండి పెళుసెక్కిన ఆ గంజిపోగు నా చేతికింద టప్పున తెగింది. నేతింటి పిల్లకి పోగు తెగడం కొత్తా. మా ఇళ్ళల్లో నడక వచ్చే వయసు నుంచే నేర్పేది అదే, తెగిన కొసలు రెండూ తడివేళ్ళతో మెలిపెట్టి, అతుకు ఎక్కడుందో నేసినవాళ్ళకి కూడా తెలియకుండా కలిపెయ్యడం. అతుకు కనపడిందంటే ఆ ఇంటి పనితనానికే మాట. నేనూ అలాగే కలిపేశాను. మెలికలో పోగు కాస్త పొట్టిదయి పాత మేకుకి అందకపోతే, దాని పక్కనే ఉన్న మేకుకి కట్టాను. గోరంత తేడా. బొమ్మ గీశాను, తేదీ వేశాను, ఎవరికీ చెప్పవలసిన సంగతిగా నాకు తోచనే లేదు. ఆ తరవాత ఎనిమిది రోజులూ అంతే.

మాస్టారు తిరిగొచ్చి ఆ తొమ్మిది బొమ్మలూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ రోజుల్లో సూర్యుడి మీద ఒక పెద్ద మచ్చల గుంపు ఉండేది. మామూలుగా మచ్చలు సూర్యుడితోపాటు తిరుగుతూ ఒకే వరసన అడ్డంగా వెళతాయి, ఇదేమో రోజురోజుకీ పైకి ఎక్కుతున్నట్టు కనిపిస్తోంది. ఇటువంటిది తానెక్కడా చదవలేదన్నారు. అప్పటికి పది రోజుల్లో గ్రాంటు కమిటీ రాబోతోంది. ఎన్నాళ్ళనుంచో ఆయన పెద్ద టెలిస్కోపు కావాలని, మోటారుతో దానంతటదే సూర్యుడి వెంట తిరిగేది కావాలని అర్జీలు పెట్టి అలిసిపోయి ఉన్నారు. ఇది చూపిస్తే కాదనలేరని ఆయన నమ్మకం. నా చేత శుభ్రంగా ఒక కాపీ తీయించడానికి కూర్చోబెట్టారు. ఆ కాపీ తీస్తూ తీస్తూ, గుంపు పైకెక్కడం మొదలుపెట్టిన తేదీ దగ్గరికి వచ్చేసరికి నా చేయి ఆగిపోయింది. అది పోగు తెగిన రోజు. సూర్యుడి మీద ఏమీ పైకెక్కలేదు, నా గీతే పక్కకి ఒరిగింది; ఒరిగిన గీతను బట్టి కొలిస్తే అడ్డంగా నడిచే మచ్చ రోజూ కాస్త ఎక్కినట్టే కనిపిస్తుంది.

చెబితే నా ఉద్యోగం పోతుంది, ఆయనకి టెలిస్కోపు పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో అప్పుడు నాకు పూర్తిగా తెలియదు. రెండు రోజులు అన్నం సహించలేదు. ఆదివారం బస్సెక్కి పెడన వెళ్ళి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మా నాన్నతో చెప్పాను. ఆయన అడ్డపోగు నేసే నాడె పక్కన పెట్టి విన్నాడు.

"చీరలో అతుకు దాస్తే కట్టుకున్నామెకి నష్టం లేదమ్మా. నీ కాయితంలో దాస్తే ఆ పంతులుగారి పరువేగా పోయేది. రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పెయ్యి" అన్నాడు, మళ్ళీ నాడె అందుకుంటూ.

సోమవారం చెప్పాను. ఏడుస్తూనే చెప్పాననుకోండి. మాస్టారు కళ్ళజోడు తీసి ధోవతి చెంగుతో తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీసి తుడుచుకున్నారు. అంతటి ఆశ ఒక్క నిమిషంలో కూలిపోయినప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను, దేవుడు మళ్ళీ నాకది చూపించలేదు. తరవాత మేడ మీదికి రమ్మని చట్రం చూపించమన్నారు. మేకుకీ మేకుకీ మధ్య దూరం డివైడరుతో స్వయంగా కొలిచారు.

"అతకడం తప్పు కాదమ్మాయ్. రాయకపోవడం తప్పు. ఇప్పుడు రాయి" అన్నారు.

తొమ్మిది పేజీల మీదా నా చేతే రాయించారు, మొదటి పేజీలో మేకుల దూరం కూడా వేయించారు. పాత పేజీలు చింపి కొత్తవి కుట్టడం ఎంతసేపు, రిజిస్టరు మా దగ్గరే ఉంది, అడిగేవాళ్ళు లేరు. ఆయన ఆ మాట తలపెట్టను కూడా లేదు. శుభ్రమైన కాపీని మాత్రం సొరుగులో పెట్టి తాళం వేశారు.

కమిటీ వాళ్ళు ముగ్గురు వచ్చారు. అందులో కుర్రాయన ఒకాయన పేజీ అంచున ఉన్నది చదివించుకుని, గంజిపోగుతో సూర్యుణ్ణి కొలుస్తున్నారా అని నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు, తొమ్మిదీ తిరగేసి, ఇది రాసిందెవరని అడిగాడు. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. మా మాస్టారు, రాసింది ఆ అమ్మాయేననీ, అయితే సరిచూసుకోవలసిన బాధ్యత తనదనీ, ఊళ్ళో లేకపోవడం తన లోపమనీ చెప్పారు. నెల తరవాత ఉత్తరం వచ్చింది. రికార్డు కొనసాగించవచ్చు, పెద్ద టెలిస్కోపు మాత్రం మంజూరు చేయలేము. అంటే నా ఉద్యోగం నిలిచింది, ఆయన కోరిక నిలవలేదు. ఆయన ఆ చిన్న టెలిస్కోపుతోనే రిటైరయ్యారు. నన్ను పర్మనెంటు చేయించడానికి ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కారో నాకు తెలుసు. నా పెళ్ళికి పెడన వచ్చి, మా నాన్న మగ్గం పక్కన పీట వేసుకుని కూర్చుని, పోగు అతకడం నేర్పమని అడిగి నేర్చుకున్నారు. నా తిండి, నా పిల్లల చదువులు, ఈ బాల్కనీ అన్నీ ఆయన నిలబెట్టిన ఉద్యోగం పెట్టినవే. అయినా, నా అతుకు వల్లనే కదా ఆయనకి టెలిస్కోపు రాలేదన్న మాట ఇన్నేళ్ళూ నా లోపల కూర్చునే ఉంది.

ఇదంతా ఆ తెనాలి పిల్లకి చెప్పాను. అంతా విన్నాక లాప్‌టాప్ తెరిచి నా పక్కకి జరిగింది. ఆ నౌక పైకెళ్ళి ఎంతో కాలం కాలేదనీ, సూర్యుడి పదకొండేళ్ళ తిరుగుడు ఒక్కటి కూడా అది ఇంకా పూర్తిగా చూడలేదనీ, అందుకే వెనకటి కాయితాలు కావాలనీ చెప్పింది. కొన్నిచోట్ల రిజిస్టర్లలో ఏళ్ళ తరబడి ఒక్క కొట్టివేత, ఒక్క తప్పు కూడా లేదుట, జరిగిన తప్పులు దాచేశారేమోనని వాటిని చూస్తేనే తనకి భయంట. మా రిజిస్టర్లను మాత్రం మొత్తం తీసుకుందిట.

"మీరు మేకుల దూరం రాశారు కదండీ, దాన్ని బట్టి ఎంత ఒరిగిందో లెక్క కట్టేశాను. చూడండి మేడమ్" అని ఏదో నొక్కింది. తెర మీద నా తొమ్మిది బొమ్మలూ కాస్తంత పక్కకి తిరిగాయి. పైకెక్కిన గుంపు కిందికి దిగి, తక్కిన రోజుల వరసలో ఒద్దికగా నిలబడింది. నేను చేత్తో గీసిన మచ్చలు, ఏ రోజు ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. ఆ పిల్ల చేయి పట్టుకుని కూర్చున్నాను.

ఆ పిల్లదీ టెంపరరీ ఉద్యోగమేనట. మార్చితో ప్రాజెక్టు అయిపోతుంది, పైన నౌక ఉండగా ఈ పాత కాయితాలెందుకని అడిగేవాళ్ళు ఉన్నారుట, అర్జీ పెట్టుకుందిట. అర్జీకి మా తొమ్మిది పేజీలూ జత చేయవచ్చా అని అడిగితే, నవ్వేవాళ్ళు నవ్వుతారు, అయినా చెయ్యమన్నాను. గోంగూర పచ్చడితో భోజనం పెట్టి పంపించాను.

ఇప్పుడు మా కాలేజీ చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి, ఆ మేడ మీదికి పది దాటితే గాని ఎండ రాదుట. రానక్కర కూడా లేదు, పైనున్న నౌకకి గోడలూ లేవు, మబ్బులూ లేవు, రాత్రీ లేదు, ఎక్కడైనా పొరపాటు పడితే ఆ యంత్రమే గుర్తుపెట్టి చెబుతుందిట, దానికి భయమూ లేదు, ఏడుపూ లేదు. ఇవన్నీ చూసే దాకా బతికినందుకు నాకు సంతోషమే. ఆ తొమ్మిది రోజులూ సరైన దిక్కుకి తిరిగాయండీ అని చెబితే, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ వినడానికి మా మాస్టారు లేరు. అదొక్కటే నా లోటు.